పుట్టిన తేదీ దాస్తే ఎవరికి మేలు? కోర్టు రికార్డులు, ఉద్యోగ తనిఖీలు

ఇంటర్వ్యూలు అయిపోయాయి, జీతం కుదిరింది, ఆఫర్ లెటర్ చేతికొచ్చింది. చేరే తేదీ మాత్రం ఖరారు కావడం లేదు. అడిగితే హెచ్‌ఆర్ విభాగం ఒకటే మాట చెబుతుంది: బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ ఇంకా పూర్తి కాలేదు, ఫలానా కౌంటీ కోర్టు నుంచి సమాచారం రావాలి. 2021 తరువాత కాలిఫోర్నియాలో ఉద్యోగం మారిన తెలుగువారికి ఇది కొత్త మాట కాదు. జీవితంలో కోర్టు మెట్లెక్కనివారికి కూడా ఈ ఎదురుచూపు తప్పదు. ప్రజల గోప్యత కాపాడటానికి ఉన్న ఒక నియమం, ఉద్యోగార్థికి అన్యాయం జరగకుండా ఉన్న ఒక చట్టం ఎదురెదురుగా వచ్చి ఇరుక్కున్నాయి. రెండూ మంచి ఉద్దేశంతో పుట్టినవే, అందుకే చిక్కు విప్పడం కష్టం.

కాలిఫోర్నియా కోర్టుల నియమావళిలో 2.507 అనే నియమం ఉంది. కోర్టులు ఆన్‌లైన్‌లో పెట్టే కేసుల సూచికలు, వాయిదాల జాబితాలు, కేసు ఎలా నడిచిందో వరుసగా చెప్పే పట్టికల్లో ఏయే వివరాలు ఉండకూడదో అది నిర్దేశిస్తుంది. సోషల్ సెక్యూరిటీ నంబరు, డ్రైవింగ్ లైసెన్సు నంబరు, వయసు, జాతి, బాధితుల వివరాలు, సాక్షుల వివరాలు ఆ జాబితాలో ఉన్నాయి. పుట్టిన తేదీ కూడా ఉంది. దక్షిణ కాలిఫోర్నియాలోని రివర్‌సైడ్ కౌంటీ కోర్టు తన వెబ్‌సైటులో ఎవరి పుట్టిన తేదీనీ చూపించేది కాదు. అయితే వెతికేవారు పేరుతోపాటు పుట్టిన తేదీని తామే టైపు చేస్తే, రెండూ సరిపోయిన కేసులను మాత్రమే వడకట్టి ఇచ్చేది. చూపించకపోయినా, అడిగినవారికి అవునని నిర్ధారించినట్టే.

జైలుశిక్ష అనుభవించి బయటికి వచ్చినవారి హక్కుల కోసం పనిచేసే 'ఆల్ ఆఫ్ అస్ ఆర్ నన్' అనే సంస్థ దీనిమీద దావా వేసింది. 2021 మే నెలలో రాష్ట్ర అప్పీలు కోర్టు ఆ వాదనతో ఏకీభవించింది. సూచికలో ఉండకూడని వివరాన్ని వెతుకులాటకు వాడుకోనివ్వడం కూడా నియమ విరుద్ధమేనని తేల్చింది. రాష్ట్ర సుప్రీంకోర్టు అదే ఏడాది సెప్టెంబరులో పునస్సమీక్షకు నిరాకరించింది. రివర్‌సైడ్ కోర్టుతో ఇది ఆగలేదు. 2024లో, దాదాపు కోటి జనాభా ఉన్న లాస్ ఏంజిలిస్ కౌంటీ కోర్టు కూడా పుట్టిన తేదీతో వెతికే వెసులుబాటును తొలగించింది.

ఆ సంస్థకు ఎందుకంత పట్టుదల అంటే, అమెరికాలో పాత కేసు ఒకటి మనిషిని ఎంతదూరం వెంటాడుతుందో తెలిసినవారు వారు. చిన్నతనంలో దుకాణంలో చేసిన దొంగతనం నలభై ఏళ్ల వయసులో అద్దె ఇంటికీ ఉద్యోగానికీ అడ్డొస్తుంది. ఒకప్పుడు ఆ కాగితం ఏదో కోర్టు నేలమాళిగలో దుమ్ముపట్టి ఉండేది. కావాలనుకున్నవాడు ఆ ఊరు వెళ్లి, గుమాస్తాను అడిగి, పెట్టెలు తిరగేయాలి. రికార్డు బహిరంగమే అయినా చేతికందేది కాదు. ఈ తేడాను అమెరికా సుప్రీంకోర్టు 1989లోనే గుర్తించింది. ఊరూరా కోర్టుల్లో చెల్లాచెదురుగా పడి ఉన్న కాగితాలు వేరు, వాటన్నిటినీ కలిపి ఒక కంప్యూటర్ జాబితాగా కూర్చడం వేరని, రెండోదానివల్ల గోప్యతకు భంగం కలుగుతుందని చెప్పింది. ఇంటర్నెట్ ఇంకా ఇళ్లలోకి రాని రోజుల్లో చెప్పిన ఈ మాట చదివితే ఇప్పటికీ ఆశ్చర్యం కలుగుతుంది.

ఇక రెండో చట్టం సంగతి. కంపెనీల తరఫున అభ్యర్థుల పూర్వాపరాలు ఆరా తీసే సంస్థలను అమెరికాలో 1970 నాటి ఫెయిర్ క్రెడిట్ రిపోర్టింగ్ చట్టం అదుపు చేస్తుంది. నివేదిక సాధ్యమైనంత కచ్చితంగా ఉండేలా తగిన పద్ధతులు పాటించాలని ఆ చట్టం ఆదేశం. పేరు ఒకటే అయినంత మాత్రాన ఒకరి కేసును మరొకరి ఖాతాలో వేయడం తగిన పద్ధతి అనిపించుకోదని, అమెరికా కేంద్ర ప్రభుత్వ సంస్థ అయిన వినియోగదారుల ఆర్థిక రక్షణ బ్యూరో 2021 నవంబరులో ఒక సలహా పత్రంలో స్పష్టం చేసింది. తరువాత ప్రభుత్వం మారాక ఆ పత్రాన్ని ఉపసంహరించుకున్నారు గానీ, చట్టంలోని కచ్చితత్వం షరతు అలాగే ఉంది. అది పాటించకపోతే దావాలు పడతాయి.

తేదీలు పక్కపక్కన పెట్టి చూడండి. 2021 సెప్టెంబరులో కోర్టు పుట్టిన తేదీకి తలుపు మూసింది. రెండు నెలలు తిరిగేసరికి కేంద్ర సంస్థ వచ్చి, పేరు ఒక్కటే చాలదు, ఇంకో ఆనవాలు కావాలంది. ఆ ఇంకో ఆనవాలు మామూలుగా పుట్టిన తేదీయే. దాంతో తనిఖీ సంస్థల మనుషులు కోర్టులకు స్వయంగా వెళ్లి, ఒకే పేరున్న ఫైళ్లన్నీ తెప్పించుకుని, లోపల ఎక్కడైనా మధ్యపేరో చిరునామానో దొరుకుతుందేమోనని వెతకడం మొదలుపెట్టారు. కాలిఫోర్నియాలో 58 కౌంటీలున్నాయి, దేని కోర్టు దానిదే. వేలిముద్రలతో తేల్చే రాష్ట్ర న్యాయ శాఖ నేర రికార్డు ఉన్నా, అది బడులు, ఆసుపత్రుల వంటి చట్టం అనుమతించిన యజమానులకే దొరుకుతుంది. సాఫ్ట్‌వేర్ కంపెనీకి దొరకదు. శాసనసభ ఈ ముడి విప్పడానికి 2022లో పుట్టిన తేదీతో వెతకడాన్ని తిరిగి అనుమతిస్తూ ఎస్‌బీ 1262 అనే బిల్లును ఆమోదించింది. గవర్నర్ గావిన్ న్యూసమ్ దాన్ని తిప్పి పంపారు.

పేరు ఒక్కదానితో సరిపుచ్చుకుంటే ఏమవుతుందో చెప్పడానికి, అప్పుల చరిత్ర నివేదికలిచ్చే ట్రాన్స్‌యూనియన్ అనే సంస్థ కేసు చాలు. కారు కొనడానికి వెళ్లిన ఒకాయనకు, నీ పేరు ఉగ్రవాదుల జాబితాలో ఉందంటూ షోరూమువారు అమ్మడానికి నిరాకరించారు. అమెరికా ఆర్థిక శాఖ ఆంక్షల జాబితాలో ఉన్న ఎవరిదో పేరుతో ఆయన మొదటి పేరు, చివరి పేరు కలిశాయి, అంతే. పుట్టిన తేదీని పోల్చి చూసి ఉంటే ఆ అనుమానం అక్కడే తీరిపోయేది. అలా తప్పుగా ముద్రపడినవారు ఆ దావాలో 8,185 మంది ఉన్నారు. 2021లో సుప్రీంకోర్టు, తప్పుడు నివేదిక నిజంగా బయటి వ్యాపారులకు చేరిన 1,853 మందికే పరిహారం అడిగే అర్హత ఉందని తేల్చింది. మిగిలినవారి విషయంలో తప్పు ట్రాన్స్‌యూనియన్ ఫైల్లోనే ఉండిపోయింది కాబట్టి నష్టం జరగలేదన్నమాట. ఆ తర్కం నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

ఇందులో తెలుగువారికి ప్రత్యేకమైన ఇబ్బంది ఒకటుంది. మన పేర్ల సంపద విస్తారమే గానీ, వాడుకలో ఉన్నవి కొన్నే. శ్రీనివాసరావు, వెంకటేశ్వర్లు, శ్రీనివాస్ రెడ్డి, లక్ష్మి వంటి పేర్లున్న మనుషులు ఒక్కో మండలంలో ఎందరున్నారో లెక్కపెట్టడం కష్టం. మనిషిని మనిషినుంచి వేరుచేసేది ఇంటిపేరు, దాన్ని మనం ఒక్క పొడి అక్షరంగా కుదించేస్తాం. పాస్‌పోర్టులో ఒకరికి ఇంటిపేరు చివరి పేరవుతుంది, మరొకరికి తండ్రి పేరో కులం పేరో ఆ గడిలో చేరుతుంది. ఇంకొందరికి ఆ గడి ఖాళీగా ఉండి, అమెరికా వీసా మీద మొదటి పేరు తెలియదు అనే అర్థం వచ్చే మూడక్షరాలు వచ్చిపడతాయి. ఇంగ్లీషు స్పెల్లింగుకు నియమం లేదు. శ్రీని ఒకరు ఒక ఐతో రాస్తే ఇంకొకరు రెండు ఈలతో రాస్తారు. లక్ష్మిలో ఎక్స్ వాడేవారూ ఉన్నారు, కె, ఎస్ వాడేవారూ ఉన్నారు. అందువల్ల ఒకే మనిషి నలుగురిగా కనిపించవచ్చు, నలుగురు ఒకడిగానూ కనిపించవచ్చు. అలాంటివారికి పుట్టిన తేదీ ఒక రక్షణ కవచం. దాన్ని వెతుకులాటలోంచి తీసేస్తే, అరుదైన పేరున్న నేరస్థుడు సులువుగానే దొరుకుతాడు. మామూలు పేరున్న నిరపరాధి మాత్రం వరుసలో నిలబడి ఉంటాడు.

ఆలస్యం అందరికీ ఒకేలా బాధించదు. హెచ్-1బీ వీసా మీద ఉన్నవారి ఉద్యోగం పోతే దేశంలో ఉండటానికి గరిష్ఠంగా 60 రోజుల గడువు. ఆలోపు కొత్త యజమాని వీసా దరఖాస్తు వేయాలి, లేదా హోదా మార్చుకోవాలి, లేదా బయల్దేరాలి. వెరిఫికేషన్ పూర్తయ్యేదాకా దరఖాస్తు వేయబోమని కంపెనీ పట్టుబడితే, గోప్యత కోసం మూసిన తలుపు ముందు ఆ 60 రోజులూ కరుగుతుంటాయి.

ఇంత చెప్పాక, అప్పీలు కోర్టు తప్పు చేసిందని నేను అనుకోవడం లేదు. నియమం రాసిన తీరు చూస్తే ఆ తీర్పే సరైనది. లోపం నియమం ఎంచుకున్న చోటులో ఉంది. కోర్టు కిటికీ దగ్గర సమాచారాన్ని ఆపితే మంచివాడి అవసరం, చెడ్డవాడి కుతూహలం రెండూ ఆగిపోతాయి. మిషిగన్ రాష్ట్ర కోర్టులు 2022లో పుట్టిన తేదీని రక్షిత సమాచారంలో చేర్చినప్పుడు, అభ్యర్థి సమ్మతి ఉంటే దాన్ని సరిచూసుకునే దారి విడిచిపెట్టాయి. నా పుట్టిన తేదీతో పోల్చి నేను వాడిని కానని చెప్పండి అని నేనే అడుగుతున్నప్పుడు, నా గోప్యత పేరుతో కోర్టు నోరు కట్టుకోవడంలో అర్థం లేదు. కాలిఫోర్నియా ఈ పాటి మార్గం ఆలోచించి ఉండవచ్చు.

నిజానికి అమెరికాలో ఉద్యోగార్థిని ఎక్కువగా కాపాడుతున్నవి కోర్టు కిటికీ దగ్గరి నియమాలు కావు, రికార్డు వాడుకునేవారి మీద పెట్టినవి. పైన చెప్పిన 1970 చట్టం ప్రకారం, నివేదిక ఆధారంగా ఉద్యోగం నిరాకరించబోయే ముందే దాని ప్రతిని అభ్యర్థికి ఇవ్వాలి. తప్పుందని అతను అంటే తనిఖీ సంస్థ సాధారణంగా 30 రోజుల్లో తిరిగి విచారించాలి. శిక్ష పడని అరెస్టులు ఏడేళ్లు దాటితే నివేదికలో రాకూడదు. ఏడాదికి 75,000 డాలర్లు, అంతకు మించి జీతమున్న ఉద్యోగాలకు మాత్రం కేంద్ర చట్టంలోని ఈ ఏడేళ్ల పరిమితి వర్తించదు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు చాలావరకు ఆ గీత దాటే ఉంటాయి కనుక మనవారు ఇది గుర్తుంచుకోవాలి. కాలిఫోర్నియా ఇంకో అడుగు ముందుకు వేసి, శిక్ష పడిన కేసులకు కూడా తనిఖీ నివేదికల్లో ఏడేళ్ల హద్దు పెట్టింది. 2018 నుంచి అక్కడ అయిదుగురు లేదా అంతకన్నా ఎక్కువ మంది ఉద్యోగులున్న యజమాని, షరతులతో ఆఫర్ ఇచ్చేదాకా నేర చరిత్ర గురించి అడగకూడదు. అడిగాక నిరాకరించాలనుకుంటే, ఆ నేరానికీ ఈ పనికీ సంబంధమేమిటో విడిగా అంచనా వేయాలి, అభ్యర్థికి జవాబిచ్చుకునే వ్యవధి ఇవ్వాలి.

మన దేశంలో పరిస్థితి దాదాపు తిరగబడి ఉంటుంది. కిటికీ బార్లా తెరిచి ఉంది, వాడుకునేవారి మీద నియమమే లేదు. ఈ-కోర్ట్స్ వెబ్‌సైటులో రాష్ట్రం, జిల్లా, కోర్టు సముదాయం ఎంచుకుని, పేరులో కనీసం మూడక్షరాలు, కేసు నమోదైన సంవత్సరం ఇస్తే జిల్లా కోర్టుల కేసులు వరుసకట్టి వస్తాయి. ఒక కేసు తెరిస్తే పోలీస్ స్టేషను పేరు, ఎఫ్ఐఆర్ నంబరు, వాయిదాలు, కేసు ముగిసిన తీరు కనిపిస్తాయి. పుట్టిన తేదీ కనిపించదు, దానితో వెతకడానికీ లేదు. కాలిఫోర్నియా 2021లో చేరుకున్న చోట మనం మొదటి రోజునుంచే ఉన్నాం, అదీ గోప్యత ఆలోచనతో కాకుండా, ఎవరూ ఆ గడి పెట్టలేదు కాబట్టి. ఎఫ్ఐఆర్‌ల విషయానికొస్తే, సున్నితమైన కేసులు మినహా మిగిలినవాటిని 24 గంటల్లో పోలీసు వెబ్‌సైట్లలో ఉంచాలని 2016లో సుప్రీంకోర్టు ఆదేశించింది. నిందితుడికి తనమీద ఏం రాశారో తెలియాలన్నది ఆ ఆదేశం ఉద్దేశం. కానీ అతనికి తెలిసేది అతని కాబోయే యజమానికీ తెలుస్తుంది.

హైదరాబాదు కంపెనీల తరఫున కోర్టు రికార్డులు చూసే సంస్థలు పేరు, తండ్రి పేరు, చిరునామాలను పోల్చి తేలుస్తాయి. ఆ నివేదికను అభ్యర్థికి చూపించి తీరాలన్న ప్రత్యేక చట్టం లేదు. ఎన్నేళ్ల పాత కేసులు చూడవచ్చో హద్దు లేదు. విచిత్రమేమిటంటే, మన అప్పుల చరిత్రకు ఇంతకంటే మంచి రక్షణ ఉంది. రుణ సమాచార సంస్థల మీద 2005 చట్టం ఉంది. తప్పు దిద్దమని ఫిర్యాదు చేస్తే 30 రోజుల్లో తేల్చకపోతే రోజుకు 100 రూపాయల చొప్పున పరిహారమివ్వాలని రిజర్వు బ్యాంకు నిబంధన పెట్టింది. క్రెడిట్ కార్డు బాకీ తప్పుగా రాస్తే అడగడానికి ఒక చోటుంది. దొమ్మీ కేసు తప్పుగా అంటగడితే లేదు.

తెలుగు ఇళ్లలో ఎక్కువగా తగిలేది దాంపత్య వివాదాల కేసులు. భార్యను వేధించడానికి సంబంధించిన 498ఏ సెక్షను (2024 జులై నుంచి కొత్త చట్టంలో 85వ సెక్షను) కింద భర్తతోపాటు అతని తల్లిదండ్రులు, పెళ్లయి వేరే ఊళ్లో ఉన్న ఆడపడుచు పేర్లు కూడా నిందితుల జాబితాలో చేరడం తెలిసిందే. ఆ పేర్లన్నీ ఈ-కోర్ట్స్‌లో ఎక్కుతాయి. కొన్నేళ్లకు ఇరుపక్షాలు రాజీపడి కేసు ముగుస్తుంది. చట్టం అనుమతించిన రాజీకి నిర్దోషిగా విడుదలైన ఫలితమే ఉంటుందని పాత నేర విచారణ స్మృతీ, 2024లో దాని స్థానంలో వచ్చిన చట్టమూ చెబుతాయి. నివేదిక రాసే కుర్రవాడు ఆ సెక్షను చదివి ఉండడు. కేసు ఉన్నట్టు తేలింది, రాజీ అయింది అని ఒక ముక్క రాసి పంపుతాడు, ఆ ముక్క చదివిన మేనేజరు తనకు తోచిన అర్థం తీసుకుంటాడు. కేసు పెట్టిన ఆమె పేరు కూడా అదే పేజీలో ఉంటుంది, న్యాయం కోసం కోర్టుకు వెళ్లినందుకు ఆమెను గొడవల మనిషిగా చూసే యజమానులూ ఉంటారు.

ప్రభుత్వ ఉద్యోగాలకు మాత్రం కొంత స్పష్టత ఉంది. 2016లో సుప్రీంకోర్టు ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం, ఉద్యోగంలో చేరేటప్పుడు నింపే ధ్రువీకరణ పత్రంలో కేసులు దాచినవారి విషయంలో ఎలా నడుచుకోవాలో చెప్పింది. చిన్న వయసులో నినాదాలు చేసినట్టి అల్ప విషయాలను దాచినా యజమాని క్షమించవచ్చు. దాచారనాలంటే ఆ ప్రశ్న పత్రంలో స్పష్టంగా ఉండాలి. నిజం చెప్పినంత మాత్రాన ఉద్యోగం ఇచ్చి తీరాలనీ లేదు. ఇక బాలలుగా ఉన్నప్పటి కేసులకు బలమైన రక్షణే ఉంది. బాలల న్యాయ చట్టంలోని 74వ సెక్షను, ముగిసిపోయిన అలాంటి కేసు వివరాలను ప్రవర్తన ధ్రువపత్రం కోసమైనా సరే పోలీసులు వెల్లడించకూడదంటుంది. ఇది తెలియక అలాంటి పాత కేసును తామే పత్రాల్లో రాసి పెట్టేవారున్నారు.

నిర్దోషిగా బయటపడ్డా గూగుల్లో తమ పేరు కొడితే తీర్పు కనిపిస్తోందని కోర్టుకెళ్లినవారి కథలు వేరు. వారి పేర్లు ఇక్కడ రాయను, వారు కోరుకున్నదే పేరు కనిపించకపోవడం. మాదకద్రవ్యాల కేసులో నిర్దోషిగా తేలిన ఒక భారత సంతతి అమెరికా పౌరుడు, ఉద్యోగాలు రావడం లేదని చెప్పుకుంటే ఢిల్లీ హైకోర్టు 2021లో ఆ తీర్పు సెర్చ్ ఫలితాల్లో రాకుండా చూడమని మధ్యంతర ఆదేశం ఇచ్చింది. మద్రాసు హైకోర్టు 2024 ఫిబ్రవరిలో అలాంటి ఉపశమనమే మరొకరికి ఇవ్వగా, జులైలో సుప్రీంకోర్టు దానిమీద స్టే విధించింది. తీర్పులు ప్రజల ఆస్తి, వాటిని తుడిచేయడం మొదలుపెడితే ఎక్కడ ఆగాలన్న ప్రశ్న తేలికైనది కాదు. న్యాయస్థానాలు తలుపులు వేసుకుని పనిచేస్తే అన్యాయానికి సాక్షులుండరు.

డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 2023లో వచ్చింది, నియమాలు 2025 నవంబరులో వెలువడ్డాయి, ప్రధాన బాధ్యతలు 2027 మే నుంచి అమలు కావాలి. మనిషిని ప్రభావితం చేసే నిర్ణయానికి వాడే సమాచారం పూర్తిగా, కచ్చితంగా ఉండేలా చూడాలని అందులో ఉంది. తనిఖీ సంస్థలకు ఇది వర్తిస్తే సగం పని జరిగినట్టే. అయితే అదే చట్టం మూడో సెక్షనులో, చట్టపరమైన బాధ్యత మేరకు ఎవరైనా బహిరంగం చేసిన వ్యక్తిగత సమాచారానికి ఈ చట్టం వర్తించదని మినహాయింపు పెట్టారు. కోర్టు ఆదేశంతో పోలీసులు పెట్టిన ఎఫ్ఐఆర్, ఈ-కోర్ట్స్‌లో పెట్టిన కేసు వివరాలు ఆ మినహాయింపులోకి వస్తాయని తనిఖీ సంస్థలు వాదించడం ఖాయం. బహిరంగ రికార్డుకు మినహాయింపు ఉండనీ, దానిమీద సంస్థ రాసుకున్న నివేదిక, ఇతను అతనే అన్న నిర్ధారణ కొత్త సమాచారమని, దానికి మినహాయింపు చెల్లదని అభ్యర్థి తరఫువారు వాదించాలి. నాకు ఈ రెండో వాదనలో బలం కనిపిస్తుంది. కోర్టులు ఏది ఒప్పుకుంటాయో 2027 తరువాతే తేలుతుంది. ఈలోగా ఉద్యోగం మారాలనుకునేవారు తమ పేరుతో, పేరు రాసే ఇతర పద్ధతులతో ఈ-కోర్ట్స్‌లో ఒకసారి వెతికి చూసుకోవాలి, ముగిసిన కేసేదైనా ఉంటే తుది ఉత్తర్వు ధ్రువీకృత ప్రతిని ఆ కోర్టు కాపీయింగ్ విభాగం నుంచి తెచ్చి దగ్గర పెట్టుకోవాలి.